సుభానీ గారి బోర్డు

మంగళవారం, తిరువూరు

నాదే బుద్ధి తక్కువ. ఫోన్ చేయకుండా వెళ్ళాల్సింది.

చేత్తో రాసిన దుకాణాల బోర్డుల మీద పుస్తకం వేద్దామని రెండేళ్ళుగా ఊళ్ళు పట్టుకు తిరుగుతున్నాను. అట్ట మీదికి అనుకున్నది విస్సన్నపేటలో టైలర్ సుభానీ గారి రేకు బోర్డు. అందులో చివరి అక్షరం సూదిలోకి దూరే దారంలా సాగుతుంది. పోయినసారి బస్సులోంచి చూసి మతి పోయింది. అందుకే ఈసారి కెమెరాతో వస్తున్నానని ముందే చెప్పాను.

ఇవాళ ఆటో దిగేసరికి అక్కడ తళతళలాడుతూ ఫ్లెక్సీ!

“మీరు ఫొటోకి వస్తున్నారని నిన్ననే కట్టించానమ్మా. పాతది మరీ మాసిపోయింది. పుస్తకంలో పడితే ఏం బాగుంటది?” అన్నారు సుభానీ గారు.

“పాతది ఎక్కడుందండీ?”

“పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేశా.”

తల బాదుకోవాలనిపించింది. ఆయనేమో కొత్త చొక్కా వేసుకుని ఫ్లెక్సీ కింద నిలబడ్డారు. తీశాను, ఏం చేస్తాను?

ఇప్పుడు ఆ ఫొటో పెద్దది చేసి చూస్తున్నాను. గులాబీ రంగు అంచు, మూలల్లో బంగారు పూలు... ఈ దరిద్రం ఎక్కడో చూశాననుకున్నాను. చూడడమేమిటి, చదువైన కొత్తలో ఇక్కడి ఫ్లెక్సీ షాపులో పనిచేస్తూ ఈ డిజైను నేనే గీశాను.