సైకిల్ స్టాండులో దస్తీలు

సోమవారం, రాత్రి

బస్టాండ్ దగ్గర సైకిల్ స్టాండు పెద్దగా చేశారు. పోయిన నెల నా సైకిల్ అక్కడి గోడ దగ్గరే పోయింది. చెల్లి తనది నాకిచ్చి, కాలేజీకి నడిచిపోతోంది.

పొద్దున స్టాండు ఎదురుగా ఉన్న టైలర్ షాపులో పనికి పోతూ చూస్తే కొత్త రాడ్ల నిండా దస్తీలే. బస్సు సీటు మీద వేసినట్టు, దస్తీ వేస్తే జాగా వాళ్లదట. ఒకటి తీసి సైకిల్ పెట్టాను. మొబైల్ షాపు సేటు బైక్ మీద వచ్చాడు.

"నా దస్తీ ఎవడు తీసిండు?"

"గిది సైకిళ్లకు గదా, సేటూ."

"నీ డొక్కుదాన్ని ఎవడెత్కపోతడురా? గోడకు ఆనిచ్చుకో."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. దస్తీ మడతపెట్టి మరీ ఇచ్చాను. రోజంతా మిషన్ తొక్కుతూ గోడవైపే చూశాను.

ఇంటికి రాగానే చెల్లి అడిగింది, "కొత్త స్టాండు ఎట్లున్నది అన్నా?"

"మస్తున్నది" అన్నాను.