ఇంట్లో వండని చేప

మాయాబందర్,
12-6-2005

డాక్టరు బాబు గారికి నమస్కారాలు.

నా రాత కోడి గీతల్లా ఉంటుంది. తప్పులుంటే మన్నించండి, మూడో తరగతి దాకానే చదివాను.

మా అబ్బాయి యువరాజ్ శవాన్ని కోసి చూసింది మీరే. విషమేనన్నారు, ఏ విషమో తేలలేదన్నారు. వాడు చివరగా తాగింది పెళ్లాం ఇచ్చిన గంజి. అందుకని మా కోడలు బేబీరాణిని పోలీసులు పట్టుకెళ్లారు.

"ఇంట్లో చేప వండారా పెద్దాయనా?" అని ఆరోజు మీరు అడిగారు. "లేదు బాబూ" అన్నాను. అది నిజమే. సునామీలో నా భార్య కొట్టుకుపోయింది. అమ్ముకోవడానికి వల వేస్తాం గానీ, శవాలు తిన్న చేపలని అప్పటినుంచి మా వీధిలో ఎవరూ ముట్టరు.

కానీ వాడు పోయిన రోజు సాయంత్రం ఒడ్డున బతిమాలాడు. "నాన్నా, నోరు చచ్చిపోయింది. ఒక్క ముక్క, బస్." ఎవరూ కొనని పొట్ట ఉబ్బే చేప ఒకటి మిగిలింది. మా నాన్న చేసినట్టే విషముండే లోపలిదంతా తీసేసి, కాల్చి ఇచ్చాను. నేను తినలేదు. కాసేపటికి "మూతి తిమ్మిరెక్కింది, నీ చేప కరిచింది నాన్నా" అని నవ్వాడు. ఇంటికెళ్లి గంజి తాగి పడుకున్నాడు. మళ్లీ లేవలేదు.

పదిమందిలో చెప్పడానికి నాకు నోరు రాలేదు. దాని తల, ముళ్ల తోలు ఒడ్డునే పాతాను. చోటు చూపిస్తాను, రండి.

కోడలి తప్పేమీ లేదని పోలీసులకు రాయండి. నాకు జవాబు తొందరగా వేయండి. బేబీరాణికి మాత్రం మీరు చెప్పకండి బాబూ. అది నేనే చెప్పాలి.

ఇట్లు,
యువరాజ్ తండ్రి