పడవ నీళ్లలోకి దిగే ముందు రోజు

గురువారం, రాత్రి

నిద్ర రావడం లేదు. నెల రోజులుగా మా ఆయనకి ఛాతీలో నొప్పి. ఈ దీవుల్లో గుండె డాక్టరు లేడు, మెయిన్‌లాండ్ నుంచి ఎప్పుడో ఒకసారి వస్తాడు. డిస్పెన్సరీ నర్సు దీదీ ఆయన పేరు రాయించి, ఈసారి తప్పితే మళ్లీ ఎప్పుడో చెప్పలేనంది. అందుకే ఇవాళ పోర్ట్ బ్లెయిర్ వెళ్లి పొద్దున్నుంచీ లైన్లో కూర్చున్నాం.

తీరా లోపలికి వెళ్లాక, నొప్పి వస్తుందా అని డాక్టరు హిందీలో అడిగితే ఈయన నవ్వేసి, "నహీ సాబ్, గ్యాస్ హై, బస్" అన్నాడు, ఉత్త గ్యాసేనట. గ్యాస్ మాత్రలు రాసి పంపేశారు.

తిరుగు బస్సు సిప్పీఘాట్ దాటాక ఆయనే అన్నాడు: "రేపు కొత్త పడవ నీళ్లలోకి దిగుతాది. ఇయ్యాల ఎవులైనా రోగం పేరు ఎత్తుతారేటే? గంగమ్మ ఇంటాది, పడవకి కీడు."

తిడదామనుకున్నాను. కానీ ఆ గదిలో నేనూ పక్కనే ఉన్నాను, హిందీ నాకూ వచ్చు. మరి నా నోరెందుకు పెగల్లేదు?

డాక్టరు శనివారం వెళ్లిపోతాడు. రేపు పడవ పూజ అవగానే ఈయన చేపల వేటకి పోతాడు, ఎప్పుడు తిరిగొస్తాడో.

ఇందాక నిద్రలో ఆయన చెయ్యి ఛాతీ మీదకి పోయింది. తీసి పక్కన పెట్టాను. మళ్లీ అక్కడికే పోయింది.

రేపు కొబ్బరికాయ కొట్టి గంగమ్మకి ఏమని మొక్కను? ఆయన గుండెని కాపాడు తల్లీ అంటే, రోగం పేరు నేనే ఎత్తినట్టు కదా.