మనిషి కదలిక కాదు

జూన్ 3, మంగళవారం

రెండో అంతస్తు నుంచి పెద్దక్క టికెట్. స్క్రీన్ మీద బాణం వణుకుతోందట.

పెద్దక్క నాకు చుట్టమేమీ కాదు. క్లెయిమ్స్ సెక్షన్‌లో అందరికంటే సీనియర్, ఆఫీసంతా అలాగే పిలుస్తుంది. ఆసుపత్రి బిల్లులు చూసి ఇన్సూరెన్స్ క్లెయిములు ఎంటర్ చెయ్యడం వాళ్ళ పని. వాళ్ళ కంప్యూటర్లు నడిచేలా చూడటం నా పని. అందరికీ కలిపి నేనొక్కడినే దిక్కు. గ్రౌండ్ ఫ్లోర్‌లో సర్వర్లున్న గది నాది. కిటికీ లేదు. సర్వర్లకు వేడి పడదని ఏసీ ఆపరు. మండుటెండల్లో స్వెటర్ చంకన పెట్టుకుని ఆఫీసుకొచ్చే మనిషిని చూసి వీధిలో కుక్కలు కూడా మొరగడం మానేశాయి.

రిమోట్‌లో ఆమె డెస్క్‌టాప్‌లోకి వెళ్ళాను. నిజమే, బాణం ఒకచోట నిలబడటం లేదు. స్పీడ్ తగ్గించాను. రీస్టార్ట్ చేయించాను. అదే వణుకు. రేపు చూస్తానన్నాను.

జూన్ 4

కొత్త మౌస్ పంపించాను. వణుకు. కొత్త ప్యాడ్. వణుకు. డ్రైవర్ తీసేసి మళ్ళీ వేశాను. వైరస్ స్కాన్ ఆసాంతం నడిపాను. ఏమీ లేదు. లైన్ స్లోగా ఉన్నా అలా కనిపిస్తుంది కదా అని నెట్‌వర్క్ డ్రైవర్ మీద చెయ్యి వేశాను. ఠక్కున తెగిపోయింది. రిమోట్‌లో కూర్చుని అవతలి మెషీన్‌కి నెట్‌వర్క్ ఆపడమంటే కూర్చున్న కొమ్మ నరుక్కోవడమే. ఇక మెట్లెక్కక తప్పలేదు.

వెళ్ళి చూస్తే జబ్బు మౌస్‌ది కాదు. ఆమె కుడిచెయ్యి. మౌస్ మీద పెట్టగానే వేళ్ళు వాటంతటవే కొట్టుకుంటున్నాయి. నన్ను చూసి ఎడమచెయ్యి తెచ్చి దాని మీద కప్పింది. అన్నీ తనిఖీ చేసినవాణ్ణి, మౌస్ పట్టుకున్న మనిషి సంగతే ఆలోచించలేదు. సిగ్గేసింది.

టీమ్ లీడర్ అటుగా పోతూ స్క్రీన్ చూసి ఏమిటిది అన్నాడట. మౌస్ పాడైందని నోటికొచ్చింది చెప్పిందట. చెప్పాక టికెట్ పెట్టకపోతే అనుమానం వస్తుంది కదా. డాక్టరు ఇచ్చిన మందులు పెరగకుండా ఆపడానికేనట, తగ్గించడానికి కాదట. ఇంట్లో ఇంకో సంపాదన లేదు. పైకి తెలిస్తే ఇంటికి పంపించేస్తారని ఆమె భయం. ఎవరికీ చెప్పనని మాట తీసుకుంది. ఆమె ఎంట్రీలు తీసి చూశాను. కాస్త నెమ్మదించింది గానీ ఒక్క తప్పు లేదు.

టికెట్ మూసేశాను. కారణం: మౌస్ లోపం.

జూన్ 7, శనివారం

మా ఆవిడ ఉన్న ఊళ్ళో ఇంటర్వ్యూ. ఆమెకు అక్కడికి ట్రాన్స్‌ఫర్ అయిన దగ్గర్నుంచి మాది శని, ఆదివారాల కాపురం. మిగతా రోజులు ఫోన్‌లో పోట్లాడుకుంటాం. ఎదురుగా కూర్చుని పోట్లాడుకునే యోగం ఎప్పుడో అంటుంది. ఇంటర్వ్యూ బాగానే జరిగింది. ముందే అనుకోకూడదు గానీ, వచ్చేసినట్టే.

జూన్ 10

పక్క బిల్డింగ్‌లో ఒక ఆఫీసు ఫైళ్ళన్నిటికీ ఎవరో ఎక్కడి నుంచో తాళం వేసేశారట. అక్కడ పనిచేసే వాళ్ళెవరో ఒక మెయిల్ అటాచ్‌మెంట్ తెరిచిన పాపానికి. ఆ వార్త విన్న దగ్గర్నుంచి మా ఓనర్ సార్‌కి కాలు నిలవడం లేదు. ఎండ్‌పాయింట్ సెక్యూరిటీ, అంటే ప్రతి కంప్యూటర్‌కీ కాపలా ఉండే సాఫ్ట్‌వేర్, ఏది కొనాలో వెంటనే తేల్చమన్నారు. రెండేళ్ళుగా నేను మొత్తుకుంటున్నది అదే.

మూడు ప్రోడక్టులు చూశాను. ఒకటి చవక, కానీ స్కాన్ మొదలైతే మా పాత మెషీన్లు మూలుగుతాయి. రెండోది తేలిక. ఏ కంప్యూటర్‌కి తెగులు తగిలినా దాన్నొక్కదాన్నీ నెట్‌వర్క్ నుంచి విడదీస్తుంది, పాడైన ఫైళ్ళు వెనక్కి తెస్తుంది. మాకు కావలసింది అదే. అదే రాసిచ్చాను.

మూడోదాని సేల్స్ ఆయన స్వయంగా దిగాడు. వైరస్ సంగతి రెండు ముక్కల్లో తేల్చేసి మనుషుల సంగతి ఎత్తుకున్నాడు. సీట్లో లేకుండా మౌస్ దానంతట అదే కదిలేలా ప్రోగ్రాములు పెట్టుకునే ఉద్యోగులుంటారట. వాళ్ళను ఇది పట్టిస్తుందట. ఒక్కొక్కరి చెయ్యి ఎలా కదులుతుందో నేర్చుకుంటుందట. సార్ కుర్చీ ముందుకు జరుపుకున్నారు. నేను రాసిచ్చిన కాగితం మీద కాఫీ కప్పు పెట్టారు.

జూన్ 12

మూడోదే. ముందు ట్రయల్. రెండో అంతస్తులో.

జూన్ 17

ఇవాళ మొదటి అలర్ట్. "మనిషి కదలిక కాదు. ప్రోగ్రామ్ అయ్యే అవకాశం ఎక్కువ." పెద్దక్క మెషీన్.

గంటలోపు నేను కారణం రాసి మూసేస్తే సరే, లేకపోతే సార్ ఫోన్‌కి వెళ్తుంది. కారణం ఏం రాయను? నిజం రాస్తే ఆమె జబ్బు మనిషి. రాయకపోతే దొంగ. ఎలా చూసినా ఇంటికే. ఆ మెషీన్‌ని లెక్కలోంచి తప్పిద్దామంటే దానికి సార్ అనుమతి కావాలి. ఆలోచిస్తూ కూర్చున్నాను. గంట అయిపోయింది.

జూన్ 18

సార్ మీటింగ్ రూమ్‌కి పిలిచారు. టీమ్ లీడర్ కూడా ఉన్నాడు. పెద్దక్క కంప్యూటర్‌లోకి రిమోట్‌లో వెళ్ళి, ప్రోగ్రామ్ ఎక్కడ దాచిందో తన కళ్ళ ముందే బయటికి తియ్యమన్నారు.

గోడ మీది పెద్ద తెర మీద ఆమె స్క్రీన్. పైన ఆమె పని చేసుకుంటోంది. ముగ్గురు మగాళ్ళు తనను చూస్తున్నారని తెలియదు. బాణం ఒక గడి దగ్గరకి వచ్చి దాటిపోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ దాటిపోయింది. కాసేపు ఆగింది. ఊపిరి పీల్చుకుందేమో. ఈసారి పట్టుకుంది. టీమ్ లీడర్ కిసుక్కున నవ్వాడు. వాడి చెంప పగలగొట్టాలనిపించింది.

ప్రోగ్రామ్ దొరకలేదు. అయితే ఏదో పరికరం తగిలించి ఉంటుంది, పైకెళ్ళి సొరుగులు వెతుకుదాం పదమని సార్ లేచారు. ఆయన తలుపు దాకా వెళ్ళేసరికి నా నోట్లోంచి వచ్చేసింది.

"నేనే పెట్టాను సార్. ఇది పట్టుకుంటుందో లేదో చూద్దామని. ఇందాకే తీసేశాను."

తెర మీద బాణం ఇంకా వణుకుతూనే ఉంది. గబుక్కున లైన్ కట్ చేశాను. చెప్పకుండా చేసినందుకు తిడతారనుకున్నాను. సార్ మొహం వెలిగిపోయింది. అయితే నిజంగానే పట్టుకుందన్నమాట అని నా భుజం తట్టారు. అన్ని మెషీన్లకూ ఆర్డర్ పెట్టెయ్యమన్నారు.

ఒక్క మనిషిని కాపాడబోయి ఆఫీసంతటికీ కాపలా తెచ్చిపెట్టాను. పైగా ఆ కాపలాకి పెద్దని నేనే.

జూన్ 20

ఆఫర్ లెటర్ వచ్చింది. వచ్చే నెల ఇరవై ఒకటిన చేరాలి. రాజీనామా ఇచ్చేశాను. మా ఆవిడ అప్పుడే ఇల్లు చూసేసింది. పరుపు ఎటు వెయ్యాలో కూడా నిర్ణయమైపోయింది.

అలర్ట్ రోజూ వస్తోంది. రోజూ "టెస్ట్" అని రాసి మూసేస్తున్నాను.

జూలై 1

నా స్థానంలోకి కొత్త ఇంజనీర్ వచ్చింది. అనుభవం ఉన్న మనిషి, నాకంటే పనిమంతురాలు. ఒప్పుకోవడానికి నాకేం బాధ లేదు, ఇంకొక సంగతి లేకపోతే. మూసేసిన అలర్టులన్నీ మొదటి రోజే చదివేసింది. ఇన్ని రోజులు ఒకే మెషీన్ మీద టెస్ట్ ఏమిటని అడిగింది. పాత మెషీన్ కదా అని నసిగాను. తనకు అర్థం కానిది తను మూసెయ్యదట. ఆ మాట మర్యాదగానే చెప్పింది. ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే చెప్పేవాణ్ణి.

జూలై 3

కొత్తావిడకి చెప్పుకోనా అని పెద్దక్కని అడిగాను. వద్దంది. ఒకరికి తెలిస్తే అందరికీ తెలిసినట్టే అంది.

జూలై 4

మౌసే లేకపోతే?

మధ్యాహ్నం పెద్దక్క మౌస్ పీకేశాను. ఒక గడి నుంచి ఇంకో గడికి ట్యాబ్, సేవ్ చెయ్యడానికి కంట్రోల్ ఎస్. వేలు వణికి ఒకే అక్షరం రెండుసార్లు పడకుండా ఫిల్టర్ కీస్ పెట్టాను. ఇన్నేళ్ళలో ఇది ఎవరూ చెప్పలేదేమిటి తమ్ముడూ అని నవ్వింది. సాయంత్రానికి మామూలు కంటే ఎక్కువే లాగేసింది. నాకు ఈలలు వెయ్యాలనిపించింది. ఇంజనీరింగ్ చదివినందుకు ఇవాళ ఒక్కరోజు గర్వపడ్డాను.

జూలై 7

అలర్ట్. "రోజంతా మౌస్ కదలలేదు. సీట్లో మనిషి లేనట్టుంది. ప్రోగ్రామ్ టైప్ చేస్తూ ఉండవచ్చు."

వణికితే తప్పు. వణక్కపోయినా తప్పు.

జూలై 8

చేరే తేదీ వాయిదా అడగనా అని మా ఆవిడతో అన్నాను. ఫోన్ పెట్టేసింది. కాసేపటికి తనే చేసి ఎందుకని అడిగింది. ఇక్కడొకావిడకి నా అవసరం ఉంది, ఇంతకంటే చెప్పలేను, మాటిచ్చాను అన్నాను. ఆవిడ వయసెంత అని అడిగింది. పెద్దావిడేనంటే, సరే, ఎన్నాళ్ళు అంది. అక్కడ చిక్కుకున్నాను. వారమా? నెలా? పెద్దక్క రిటైరయ్యేదాకా రోజూ పొద్దున ఆ గదిలో స్వెటర్ వేసుకుని "టెస్ట్" అని రాస్తూ కూర్చోవాలి. అప్పటిదాకా ఎక్కడికీ కదలకూడదు. మా ఆవిడ ఏడవలేదు. పరుపు కొనడం ఆపేస్తానంది.

జూలై 9

ఫోన్‌లో నేనన్న మాటలు ఎవరు విని మోశారో తెలియదు. వాయిదా సంగతి పెద్దక్కకి తెలిసిపోయింది. సర్వర్ గదికి ఎప్పుడూ రాని మనిషి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. చలికి చేతులు కొంగులో చుట్టుకుని నిలబడింది. ఇలాంటి చోటా నువ్వుండేది అంది. తర్వాత అసలు మాట అంది.

"నా చెయ్యి నీ ఉద్యోగం కాదు తమ్ముడూ. పెళ్ళాం దగ్గరకి పో."

నేను అక్కడుంటే నాకు నిద్ర పడుతుందా అన్నాను. నువ్వు పోయాక దొంగ అనిపించుకుంటే నాకు పడుతుందా అంది. ఆ సంగతి నేను చూసుకుంటాలే అని వెళ్ళిపోయింది.

జూలై 11

పెద్దక్క పొద్దున్నే తనంతట తనే సార్ గదిలోకి వెళ్ళి చెప్పేసింది.

సార్ చాలా మంచిగా మాట్లాడారట. కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించారట. ఆరోగ్యం కంటే ఏదీ ముఖ్యం కాదన్నారట. రేపటి నుంచి రానక్కర్లేదన్నారట.

తర్వాత నన్ను పిలిచారు. నా అబద్ధం గురించి అడుగుతారనుకుంటూ వెళ్ళాను. అడగలేదు. రిలీవింగ్ లెటర్ మీద సంతకం పెట్టారు. పెన్ను మూత పెడుతూ, ఏదేమైనా ప్రోడక్ట్ మంచిదేనయ్యా, ఆమె జబ్బు కూడా అదే కనిపెట్టింది అన్నారు. నేను తల ఊపాను. ఎందుకు ఊపానో తెలియదు. ఇప్పటికీ అసహ్యంగా ఉంది.

ఆ సాఫ్ట్‌వేర్ కాపలా కాసే జాబితాలోంచి ఆమె మెషీన్‌ని తొలగించడం అక్కడ నా చివరి పని. కొత్తావిడ పక్కనే ఉంది. ముందే చెప్పి ఉంటే ఏదో ఒకటి చేసేదాన్ని కదా అంది. నిజమో, మర్యాదకో.

పెద్దక్కకి ఫోన్ చేశాను. ఎత్తలేదు.

జూలై 21, సోమవారం

కొత్త ఆఫీసు. కొత్త సీటు. మా ఆవిడ డబ్బా కట్టి పంపించింది.

నా చేతి కదలికలు నేర్చుకోవడానికి సాఫ్ట్‌వేర్‌కి వారం పడుతుందట. అప్పటిదాకా మామూలుగా పని చేసుకోమన్నారు. మౌస్ పట్టుకుని కూర్చున్నాను. మామూలుగా అంటే ఎలాగో గుర్తు రావడం లేదు.