రెండో తుపాకీ

ఆక్రన్, ఏప్రిల్ 1974

ప్రియమైన చెల్లి లోర్నాకి,

కాంటన్ పోటీలో నిన్ను చూశాను. చూసి, నాకు తెలిసినవాళ్ళెవరైనా అక్కడున్నారేమోనని ముందు అటూ ఇటూ చూసుకున్నాను.

పొద్దున దుర్బిణి లేకుండా, మామూలు గురితో బాగానే కాల్చావు. కాదనను. మధ్యాహ్నం తుపాకీకి దుర్బిణి బిగించి కాల్చే పందెం. అందరూ నీడలో కూర్చుని కాఫీ తాగుతుంటే నువ్వొక్కదానివే నీ ట్రక్కు వెనక నిలబడి, నోట్లో శాండ్‌విచ్, చేతిలో స్క్రూడ్రైవరు, ఉన్న ఒక్క తుపాకీకి ఆ మామూలు గురి పరికరం ఊడదీసి దుర్బిణి బిగిస్తున్నావు. చేతులనిండా నూనె. మా జట్టులో గ్రోవర్ నీస్ అడిగాడు, "ఆవిడ మీ చెల్లెలు కదూ?" అని. "దూరపు బంధువు" అన్నాను.

నీకు ఎన్నిసార్లు చెప్పాలి? ఊడదీసి బిగించిన ప్రతిసారీ గురి మారిపోతుంది. అది మళ్ళీ ఎక్కడుందో వెతుక్కోవడానికి సగం తూటాలు తగలేస్తావు. నా దగ్గర రెండు తుపాకులున్నాయి. ఒకటి పొద్దుటికి, ఒకటి మధ్యాహ్నానికి. దేని గురి దానికుంటుంది. నేను కాఫీ తాగుతాను. ఈ కాలంలో ఒక్క తుపాకీతో పోటీకొచ్చేవాడు ఉడతల్ని కొట్టుకోవడానికి పనికొస్తాడు.

ఈ ఏడాది రాష్ట్ర జట్టుకి నేనే కెప్టెన్ని. ఆగస్టులో క్యాంప్ పెర్రీ పోటీలకి నలుగుర్ని ఎంచాలి. నీకు ఆశ ఉందని విన్నాను. ఉంటే రెండోది కొనుక్కో. లేకపోతే హాయిగా స్కూలు బస్సు నడుపుకో.

మీ వదిన చార్లీన్ నిన్ను అడిగానని రాయమంది.

నీ మంచి కోరే అన్న,
వెండెల్


మారియెటా, ఏప్రిల్ 1974

ప్రియమైన అన్నయ్యకు, నీ దూరపు బంధువు రాయునది.

నా చేతులు మురికిగా ఉన్నాయన్నావు. నిజమే. మరి మధ్యాహ్నం నీ మొదటి గుండు సంగతి రాయలేదేం? తెల్లటి చేతులతో, కాఫీ తాగిన నోటితో, కాల్చడానికి బోర్లా పడుకుని, ఇంకా ఊపిరి బిగబట్టకముందే ఠాప్‌మని పేల్చావు. అది పక్కవాడి గురి అట్టకి తగిలింది. వాడు లేచి నీకు దణ్ణం పెట్టాడు. జనం నవ్వింది నా నూనె చేతుల్ని చూసి కాదు.

అది ఎందుకైందో నాకు తెలుసు. నీ రెండింటికీ రెండు రకాల ట్రిగ్గర్లు. ఒకటి గట్టిది, ఒకటి ముట్టుకుంటే పేలేది. పొద్దున్నంతా గట్టిదానికి అలవాటుపడ్డ వేలు మధ్యాహ్నం రెండోదాని మీద పెడితే ఏమవుతుంది? ఒక వేలికి రెండు ట్రిగ్గర్లంటే రెండిళ్ళ కాపురం. ఏ ఇంట్లో ఉన్నానో గుర్తుపెట్టుకునేసరికే తెల్లారుతుంది.

నాకున్నది ఒకటే. దాని చెంప నాకు తెలుసు, నా చెంప దానికి తెలుసు. నాన్న మంచంలో ఉన్నప్పుడు తన చేతులతో నా చేతుల్లో పెట్టాడు. నువ్వూ అక్కడే నిలబడి ఉన్నావు. దానితో కాల్చి నీకంటే ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్నాను కాంటన్‌లో. ఆ సంగతి కూడా నీ ఉత్తరంలో కనపడలేదు. కవరులో పట్టలేదు కాబోలు.

వదినకి ముద్దులు. నీకు లేవు.

నీ చెల్లెలు,
లోర్నా


ఆక్రన్, జూన్ 1974

ప్రియమైన లోర్నాకి,

జట్టు ఖరారు చేశాను. నేను, గ్రోవర్ నీస్, ఇంకో ఇద్దరు. నీ పేరు అదనపు మనిషిగా రాశాను. ఎవరికైనా జబ్బు చేస్తే నువ్వు. చేయకపోతే నీళ్ళ కూజా మోసుకుంటూ తిరుగుతావు.

నీ పాయింట్లు నీస్ కంటే ఎక్కువేనని నువ్వు రాయకముందే చెప్తున్నాను, నాకు లెక్కలు వచ్చు. కానీ జట్టంటే పాయింట్లు ఒక్కటే కాదు. నీ తుపాకీ మొరాయించిందనుకో, మిగతా ముగ్గురూ నీతోపాటు మునుగుతారు. ఒక్క తుపాకీవాళ్ళని తీసుకోనని కమిటీకి చెప్పాను. వాళ్ళు తలలూపారు. అందులో ఒకాయన "పాపం, ఆ పిల్ల బీదదా?" అని అడిగాడు. ఏం చెప్పమంటావు?

నాన్న ఇచ్చాడు, నాన్న ఇచ్చాడు అని ఆ ముసలి ఇనుముని నెత్తిన పెట్టుకుని ఊరేగుతావు. అది ఆయన పెళ్ళికి ముందు కొన్నది. పూజ చేసుకోవడానికి బాగుంటుంది. పోటీకి కాదు.

వస్తే టోపీ తెచ్చుకో. పెర్రీలో సరస్సు ఒడ్డున ఎండ దారుణంగా ఉంటుంది.

నీ అన్న,
వెండెల్


మారియెటా, ఆగస్టు 1974

ప్రియమైన అన్నయ్యకు,

పెర్రీ నుంచి ఇంటికెళ్ళాక వదినకి నువ్వెలా చెప్పి ఉంటావో ఊహించగలను. "జట్టు రెండో స్థానంలో వచ్చింది. లోర్నా తుపాకీ పాడైంది. నాది ఇచ్చి పరువు కాపాడాను." ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. నిజం మాత్రం అసలు లేదు. అందుకని వరసగా రాస్తున్నాను. చదివి వదినకి వినిపించు. వినిపించవని తెలుసు కాబట్టి కవరు మీద ఆవిడ పేరు కూడా రాశాను.

వదినా, జట్టు పోటీ రోజు పొద్దున గ్రోవర్ నీస్ ఎండదెబ్బకి వాంతులు చేసుకుని గుడారంలో పడిపోయాడు. మీ ఆయన నా దగ్గరికొచ్చి, పుల్లటి మజ్జిగ తాగిన మొహంతో, "సరే, పద" అన్నాడు. పొద్దున మామూలు గురితో జట్టులో అందరికంటే బాగా కాల్చింది నేనే. సరస్సు మీంచి గాలి ఇటు కొట్టి అటు కొడుతోంది. జెండాలు పిచ్చెక్కినట్టు తిరుగుతున్నాయి. మీ ఆయన నా అట్ట చూసి "ఊఁ" అన్నాడు. ఆయన మెచ్చుకోవడం అంటే అదే.

మధ్యాహ్నం దుర్బిణి బిగించి పడుకున్నాను. పరీక్షకి ఒక తూటా పేల్చాను. రెండోది పేలలేదు. మూడోది పేలలేదు. బోల్టు ఊడదీసి చూస్తే లోపల తూటాని కొట్టి పేల్చే పిన్ను విరిగిపోయి ఉంది. అన్నయ్య చెప్పిందే జరిగింది. ఒప్పుకుంటున్నాను. ఆ క్షణంలో ఆయన మొహం నువ్వు చూడాల్సింది వదినా, పుట్టినరోజు పిల్లాడి మొహం.

"చెప్పానా, లేదా? ఒక్కటే తుపాకీ, ఒక్కటే మొండితనం. ఇంద, ఏడవకుండా తీసుకో" అని పొద్దున తను కాల్చిన తుపాకీ నా ముందు పెట్టాడు.

"ఏడవట్లేదు. గాలికి కళ్ళు మండుతున్నాయి."

"మండనీ. తొందరగా కానీ."

భుజానికి ఆనించి చూస్తే నాకు చాలా పొడుగు. తెలుసుగా, నేను ఆయన భుజం దాకా రాను. "నీ చేతులకి అందదులే, ఏదో కాల్చు" అని నవ్వి తన చోటికి వెళ్ళిపోయాడు. నేను స్క్రూడ్రైవరు తీశాను. ఆ తుపాకీ వెనక, భుజానికి ఆనే చోట, చెక్క బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పెట్టి పొడుగు చేసి ఉంది. అన్నీ తీసి గడ్డిలో పడేశాను. నా దుర్బిణి దానికి బిగించి మళ్ళీ పడుకున్నాను.

ఎలా చెప్పను వదినా? చెంప ఎక్కడ పడాలో అక్కడ పడింది. చెయ్యి ఎంత చాచాలో అంతే చాచాను. పక్కవాళ్ళ బట్టలు తొడుక్కుంటే ఎక్కడో ఒకచోట బిగుస్తుంది కదా, ఇది ఎక్కడా బిగుసుకోలేదు. గురి కుదుర్చుకున్నాక అదే కాల్చుకుంటూ పోయింది. కాల్చుతున్నంతసేపూ నాకు ఒక్కటే గుర్తొచ్చింది. ఆ చలికాలం, నాన్న ఇంకా మంచాన పడకముందు, మా వంటింట్లో నన్ను బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, టేపుతో నా చెయ్యి కొలిచాడు. "నీకూ అన్నయ్యకీ చెరొకటి కొత్తది చేయిస్తున్నా" అన్నాడు. అవి రాకముందే పోయాడు. శ్మశానం నుంచి తిరిగొస్తూ కారులో అన్నయ్య చెప్పాడు, ఆర్డరు రద్దు చేశానని. నేను నమ్మాను. ఆ తర్వాత ఆయన చేతిలో కొత్త తుపాకీ కనిపిస్తే సొంతంగా కొనుక్కున్నాడనుకున్నాను. తర్వాత ఇంకోటి కనిపిస్తే, ఎదిగాడులే అనుకున్నాను.

పోటీ అయిపోయాక ట్రక్కు దగ్గర అడిగాను.

"ఇది ఎప్పుడు కొన్నావు?"

"గుర్తులేదు."

"పొట్టిగా కోయించుకుని, మళ్ళీ బిళ్ళలు పెట్టి పొడుగు చేసుకునేవాడు ఎవడన్నయ్యా?"

జేబులు తడుముకున్నాడు. సిగరెట్టు వెతికాడు. చివరికి అన్నాడు, "షాపువాడు ఫోన్ చేశాడు, రెండూ తయారయ్యాయని. నువ్వప్పుడు పిల్లవి. రేపో మాపో మానేస్తావనుకున్నాను."

"మానలేదుగా."

"మానలేదు."

అంతే. ఆ తర్వాత ఆయన కూలర్‌లో ఐసు పారబోసుకుంటూ కూర్చున్నాడు. నేను ఆ పొట్టి తుపాకీని కూడా నా ట్రక్కులో పెట్టుకుని బయల్దేరాను. ఆపలేదు.

అన్నయ్యా, ఇక ఇది నీకు. నువ్వు తీసుకున్నందుకు నాకు కోపం లేదు. అప్పుడు అడిగి ఉంటే "తీసుకో" అనేదాన్నేమో కూడా. కానీ నాది దాచుకుని, దాంతోనే కాల్చుతూ, నాకు ఒక్కటే ఉందని ఇన్నేళ్ళు ఎగతాళి చేశావు చూడు. కమిటీలో నన్ను బీదదాన్ని చేసి కూర్చోబెట్టావు చూడు. దానికి నాకు కోపం కూడా రావట్లేదు. నిన్ను చూస్తే సిగ్గేస్తోంది. అంత ఎత్తు మనిషివి, ఇంత చిన్నగా ఎలా సర్దుకున్నావు?

లోర్నా


ఆక్రన్, సెప్టెంబరు 1974

లోర్నాకి,

నీ ఉత్తరం చార్లీన్ నాకంటే ముందు చదివింది. అప్పట్నించీ రోజూ సూపు పెడుతోంది, అదీ చల్లారాక. సంతోషమేనా?

క్షమించమని రాయను. రాస్తే నువ్వు గెలిచినట్టు ఊరంతా చెప్పుకుంటావు. ఆ తుపాకీ నీదే. ఉంచుకో. నేను అడగను.

కానీ నీకు తెలియని సంగతి ఒకటుంది. అది విని తర్వాత నన్ను ఎంత చిన్నవాణ్ణి చేస్తావో చెయ్యి. నాన్నతో ప్రతి పోటీకీ వెళ్ళినవాణ్ణి నేను. నువ్వు పాలు తాగే రోజుల్నించీ. ఆయన సామాను మోశాను, ఆయన అట్టలు గోడకి అంటించాను. తుపాకీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. "పెద్దయ్యాక" అనేవాడు. పెద్దయ్యాను. ఆయన మంచంలో పడ్డ రోజున అటక మీంచి దాన్ని దింపించాడు. నేను దించాను. తుడిచాను. ఆయన చేతికిచ్చాను. ఆయన దాన్ని నీ చేతిలో పెట్టాడు. నావైపు చూసి, "ఆ కిటికీ వెయ్యరా, చలిగా ఉంది" అన్నాడు. నేను వెళ్ళి కిటికీ వేశాను.

షాపు నుంచి కొత్తవి రెండూ తెచ్చుకున్నాను. పక్కపక్కన నిలబెట్టుకుని చూసుకున్నాను. రెండూ కలిపినా ఆ ఒక్కదానికి సరిరాలేదు. పోటీలో నువ్వు దాన్ని భుజానికెత్తుకున్నప్పుడల్లా నాకు కడుపు మండేది. ముసలి ఇనుమని తిట్టాను. తిట్టి తిట్టి నేనే నమ్మాను.

ఇక నవ్వుకో.

వెండెల్


ఆక్రన్, మీ ఇంట్లోనే, సెప్టెంబరు చివర

ప్రియమైన అన్నయ్యకు,

నువ్వు ఆఫీసులో ఉన్నప్పుడు వచ్చాను. వదిన వేడివేడి కాఫీ ఇచ్చింది. నీకు ఇవ్వనిది. ఈ ఉత్తరం నీ తుపాకుల అల్మరాలో పెట్టి వెళ్తున్నాను. ఇది చదువుతున్నావంటే నాన్న తుపాకీ నీ ముందు నిలబడి ఉన్నట్టే. పిన్ను కొత్తది వేయించాను. నూనె రాశాను.

నవ్వుకోమన్నావు. ప్రయత్నించాను, రాలేదు.

కిటికీ వేసి నువ్వు మందులు తేవడానికి కిందికెళ్ళావు. గుర్తుందా? ఆ తలుపు మూసుకున్నాక నాన్న నాతో ఏమన్నాడో నేను నీకెప్పుడూ చెప్పలేదు. చెప్పే రోజు రాలేదు కాబట్టి చెప్పలేదు. ఆ శనివారం నాకు పోటీ ఉంది, చేతిలో ఏమీ లేదు, అందుకని తనది ఇచ్చాడు. అంతకంటే ఏమీ లేదు అందులో. "నీ కొత్తది రాగానే ఇది వాడికిచ్చెయ్యి" అన్నాడు. "వాడు దీని కోసం చిన్నప్పట్నించీ కాచుకుని ఉన్నాడు. నా చేత్తో ఇస్తే వాడు ఏడుస్తాడు, వాడు ఏడిస్తే నేను చూడలేను. నువ్వివ్వు."

నా కొత్తది రాలేదు. రద్దయిందన్నావు. ఇక నీకు ఇచ్చి నేను దేంతో కాల్చను? అందుకని ఉంచుకున్నాను. ఉంచుకున్నందుకు నాకు ఎన్నో రాత్రులు తప్పుగా అనిపించేది కూడా. ఎంత వెర్రిదాన్ని.

చూశావా అన్నయ్యా? నువ్వు నాది నాకిచ్చి ఉంటే, వారం తిరక్కుండా నాన్నది నీ ఇంటికొచ్చేది. నీ కొత్తదొకటి, ఆయనదొకటి. న్యాయంగానే నీకు రెండుండేవి. ఇన్నేళ్ళూ నిన్ను దానికి దూరంగా ఉంచింది నాన్నా కాదు, నేనూ కాదు.

నీమీద నాకు గౌరవం తిరిగొచ్చిందనుకోకు. ఇంకా రాలేదు. ఇది నాన్న మాట, నేను తీర్చాను, అంతవరకే. తలుపు దగ్గర వదిన "కూర్చో, ఆయన వచ్చే టైమైంది" అంటోంది. కూర్చోను. నువ్వు ఏడిస్తే నేనూ చూడలేను.

ట్రిగ్గరు గట్టిగా ఉంటుంది. మెల్లగా నొక్కు.

నీ చెల్లెలు,
లోర్నా