ఆరిపోయిన వెనక దీపం

హిందూపురం,
8 డిసెంబరు 2024,
ఆదివారం.

ప్రియమైన మంజులకు,

నీలావతి ప్రేమతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, రమేష్, మా అత్త, పిల్లలు క్షేమం. ధర్మవరంలో నువ్వూ శారదమ్మ గారూ ఆరోగ్యంగా ఉన్నారనీ, ఈ చలికి నీ కాలు మరీ ఎక్కువగా సలపడం లేదనీ తలుస్తాను. అమ్మకు నా నమస్కారాలు చెప్పు.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. ఫోనులో నీ బ్యాటరీ సైకిల్ మాట ఎత్తితే చాలు, అమ్మ పిలుస్తోందని పెట్టేస్తావు. ఉత్తరమైతే సగంలో పక్కన పెట్టినా మళ్లీ తీసి చదువుకోవచ్చు.

మన డయాలిసిస్ యూనిట్ అలాగే ఉంది. మొదటి షిఫ్టు వాళ్లు తెల్లవారకముందే వచ్చి, దుప్పట్లు కప్పుకుని బెంచీ మీద కూర్చుంటున్నారు. కిటికీ పక్క మంచం లక్ష్మీనరసయ్య గారు సూది పెట్టినప్పుడల్లా నిన్నే తలుచుకుంటారు. నువ్వు పెడితే చీమ కుట్టినట్టు కూడా ఉండదట, నేను పెడితే తేలు కుట్టినట్టు ఉంటుందట. మొన్న ఆయన నన్ను నిలదీసినంత పని చేశారు, నువ్వెప్పుడొస్తావో ఎందుకు కనుక్కోవని. కొత్త సంవత్సరంలో నీ స్థానంలో ఇంకెవరినైనా తీసుకోక తప్పదని రాజేశ్వరి మేడమ్ అంటోంది. నువ్వు సెలవు మీద సెలవు పెడుతుంటే ఆమె మాత్రం ఎన్నాళ్లు ఆపగలదు? అందుకే ఈ ఉత్తరం ఇప్పుడే రాయాల్సి వచ్చింది.

సెప్టెంబరులో మన దగ్గరికి రామలక్ష్మమ్మ అని కొత్త పేషెంటు వచ్చింది. పెనుకొండ పక్కన పల్లె. ఆమెను తీసుకొచ్చే కొడుకు ఎప్పుడూ తలుపు అవతలే నిలబడేవాడు. పిలిచినా లోపలికి రాడు. సంతకం కావాల్సి వచ్చి ఒకరోజు నేనే బయటికి వెళ్లాను. అతను పేరు రాసి, తలెత్తకుండా, నీ కాలు ఎలా ఉందని అడిగాడు. అప్పుడర్థమైంది. పోయిన జనవరిలో తెల్లవారుజాము మంచులో నిన్ను వెనక నుంచి గుద్దిన ట్రాక్టరు వెంకటేష్ అతనే. ఆ రోజు నిన్ను ఆటోలో ఆసుపత్రికి చేర్చింది కూడా అతనే అయినా, నువ్వు అతని ముఖం చూడనన్నావు. నీకు ఇప్పటికీ అతను ఎలా ఉంటాడో తెలియదు.

నాకు ఒళ్లు మండిపోయింది. దీపం లేకపోతే మాత్రం ఎదురుగా ఉన్న మనిషి కనిపించలేదా అని అడిగేశాను. అతను అన్న మాట ఇది:

"దీపం కనపడ్తానే ఉన్నింది మేడమ్. రోడ్డు మీద మిట్ట కాడ సైకిల్ ఎగిరినట్లాయ, దీపం ఆరిపాయ. పక్క దోవలోకి తిరిగిందేమో అనుకుంటి. మల్లా చూసేకి నా ముందరే ఉండాది. ఆయమ్మ కాళ్లు గూడా కదల్లా. సైకిల్ మాత్రం పోతానే ఉన్నింది."

తప్పించుకోవడానికి చెబుతున్నాడనుకుని లోపలికి వచ్చేశాను. కానీ ఇంట్లో చపాతీలు ఒత్తుతుంటే ఆ చివరి మాట నన్ను వదల్లేదు. కాళ్లు కదలకుండా సైకిల్ ఎలా పోయింది? మోటారు లాగుతోంది కాబట్టి పోయింది. మోటారు లాగాలంటే బ్యాటరీలో ఛార్జి ఉండాలి. మరి ముందు రోజు ఛార్జి పెట్టడం మరిచిపోయాననీ, అందుకే లైటు ఆరిపోయిందనీ, నా ప్రాణం మీదికి నేనే తెచ్చుకున్నాననీ నువ్వు ఇన్నాళ్లూ అంటున్నావే! మీ వాళ్లూ అదే అన్నారు. మేమూ కాదనలేదు. ఆ పొద్దున సైకిల్‌ను నువ్వు తొక్కుతున్నావా, అదే పోతోందా అని నిన్ను ఒక్కరైనా అడిగారా?

నువ్వు పాత సామాన్లకు వేసెయ్యమన్న ఆ సైకిల్ ఆసుపత్రి షెడ్డులోనే పడి ఉంది. ఇంటికి తెచ్చాను. నెలల తరబడి వాడక బ్యాటరీ ఛార్జి ఎక్కలేదు. రమేష్ దాన్నీ, వంగిన వెనక చక్రాన్నీ బజారుకు తీసుకెళ్లి బాగు చేయించాడు. బ్యాటరీ తిరిగి బిగించాక ముందు లైటు వెలిగింది, వెనక లైటూ వెలిగింది. కదిపాను, తట్టాను, ఊపాను. అయినా వెలుగుతూనే ఉంది. వెంకటేష్ అబద్ధమాడాడని రమేష్ తేల్చేశాడు. నాకు మాత్రం మనసు ఒప్పలేదు.

మరునాడు సాయంత్రం చీకటి పడే వేళకు పెనుకొండ రోడ్డు మీద ఆ మిట్ట దగ్గరికే వెళ్లాం. నేను సైకిల్ మీద, రమేష్ వెనక బైకు మీద. మిట్ట ఎక్కి దిగగానే రమేష్ హారన్ కొట్టాడు. ఆగి చూస్తే దీపం చక్కగా వెలుగుతోంది. ఎందుకు కొట్టావంటే, ఆరిందన్నాడు. మళ్లీ వెళ్లాం, మళ్లీ ఆరింది. నేను ఆగే లోపల మళ్లీ వచ్చింది. ముందు లైటు మాత్రం ఒక్కసారీ రెప్ప వాల్చలేదు. ముందు వెలుతురు ఉంటే వెనకా ఉన్నట్టే అనుకుంటాం కదా. నడిపే మనిషికి తెలిసే దారే లేదు.

ఇంటికొచ్చి వెనక క్యారియర్ విప్పాం. వైరు ఒక బోల్టు అంచుకు ఒరుసుకుని పైతోలు పోయి, లోపల రాగి తీగ వెంట్రుకంత మిగిలి ఉంది. కుదుపు వస్తే విడిపోతుంది, మళ్లీ అంటుకుంటుంది. దాన్ని చూస్తూ అక్కడే కూర్చుండిపోయాను. నువ్వు ఛార్జి పెట్టావు మంజులా. నువ్వేమీ మరిచిపోలేదు.

ఆ తర్వాత నాకు ఆ సైకిల్ అంటే ఒక పిచ్చి పట్టుకుంది. కొత్త వైరు వేయించి నేనే దాని మీద డ్యూటీకి వస్తున్నాను. బ్యాటరీతో సంబంధం లేకుండా సొంత సెల్లుతో వెలిగే ఇంకో ఎర్ర లైటు సీటు కింద తగిలించాను. ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుంది. బయలుదేరే ముందు గోడ దగ్గర నిలబెట్టి, చక్రం ఎత్తి వదిలి, రెండు ఎర్ర వెలుగులూ గోడ మీద పడుతున్నాయా అని చూస్తాను. ముందు లైటును కొంచెం కిందికి వంచాను. మంచులో దాన్ని పైకి పెడితే ఎదుట తెల్లగోడ కట్టినట్టుంటుంది, కిందికి దించితే రోడ్డు కనిపిస్తుంది. ఎందుకలా అవుతుందో మా పాప సైన్సు టీచరును అడగాలి.

పెడళ్లకు మెరిసే టేపు అంటించాను. అది పైకీ కిందికీ ఆడుతుంటే మనిషి అని దూరం నుంచే తెలుస్తుందని రమేష్ వెనక నుంచి చూసి చెప్పాడు. అందుకే మోటారు ఉన్నా కాళ్లు ఆడిస్తూనే ఉంటాను. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతోందని దాన్ని ఊడదీసి ఇంట్లో పెట్టుకుంటున్నాను. మా అత్త దాన్ని చంటిబిడ్డలా దుప్పట్లో చుడతానంటుంది, వద్దంటే వినదు. మంచుకు తడిసిన బ్రేకులు మొదట జారతాయి కాబట్టి, సందు దాటే లోపలే మెల్లగా నొక్కి ఆరబెడతాను.

ఇవన్నీ నీకు పాఠం చెప్పడానికి కాదు. నిన్ను మళ్లీ సైకిల్ ఎక్కమనీ అనను. బస్సులో రా, ఆటోలో రా, రాకపోయినా నా స్నేహితురాలివే. కానీ రాకూడదనుకుంటే వేరే కారణం వెతుక్కో. నీ మతిమరుపు వల్లనే కాలు విరిగిందన్న మాట మాత్రం ఇక నోట రానీయకు. అది నిజం కాదు.

అమ్మ ఆరోగ్యం, నీ కాలు సంగతి తప్పక రాయి.

నీ
నీలావతి

తా.క. ఈ కవరు మీద స్టాంపు లేదు, గమనించావా? పోస్టులో వేద్దామనుకున్నాను. ధర్మవరం పంపుతున్నానని తెలిసి, తానే తెచ్చి ఇస్తానని ఒకరు అడిగారు. ఇందాక దీన్ని నీ చేతికిచ్చిన మనిషే వెంకటేష్. పేరు చెబితే కవరు కూడా తీసుకోవని, చెప్పొద్దని అన్నది నేనే. నువ్వు చదవడం అయ్యేదాకా గేటు అవతలే నిలబడతానన్నాడు. పొమ్మంటే ఒక్క మాట మాట్లాడకుండా వెళ్లిపోతాడు. పిలుస్తావో లేదో నీ ఇష్టం మంజులా. కానీ ఆ పొద్దున నీ దీపం వెలుగుతూ ఉండటం చూసిన మనిషి అతనొక్కడే.