విద్యార్థి సభ్యుడు డౌన్ డౌన్

వసతుల కమిటీ సూపరింటెండెంటు గారికి,

విద్యార్థి సంఘం కొత్త కార్యదర్శి ఉద్యమాభివందనాలతో రాస్తున్న ఉత్తరం.

లైబ్రరీ పక్కనున్న చదువుకునే హాలుకి పైకప్పు పెచ్చులూడుతున్నాయని తాళం వేశారు. బాగానే ఉంది. పెచ్చులు సరిచేశారు, సున్నం కొట్టారు, మేస్త్రీలు నిచ్చెనతో సహా వెళ్ళిపోయారు. తాళం మాత్రం వెళ్ళలేదు. కిటికీలోంచి చూస్తే ఖాళీ బల్లలు మమ్మల్ని వెక్కిరిస్తున్నాయి.

పరీక్షలు ముంచుకొస్తున్నాయి. హాస్టల్ గదిలో ఒకరు చదువుతుంటే ఇద్దరు పాటలు వింటారు. అందుకని జనం మెట్ల మీద, సైకిల్ స్టాండులో, చేతులు కడుక్కునే కుళాయిల పక్కన చదువుకుంటున్నారు. నిన్న లైబ్రరీ మెట్ల మీద అర్థశాస్త్రం చదువుకుంటున్న అమ్మాయిని ఒకతను "కొంచెం జరగండి" అన్నాడు. ఆ అమ్మాయి తలెత్తకుండా పేజీ తిప్పింది. ఇదీ మా పరిస్థితి.

ఎన్నికల్లో నేను చేసిన వాగ్దానం ఒక్కటే. పరీక్షల లోపు హాలు తెరిపిస్తాను, లేకపోతే రాజీనామా చేస్తాను. రెండో ముక్క అనాలని ముందుగా అనుకోలేదు. చప్పట్లు బాగా పడుతుంటే ఊపులో వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోవడం కుదరదు కదా.

కాబట్టి విద్యార్థుల చదువు మీద మోపిన మీ ఉక్కుపాదాన్ని తక్షణం ఎత్తాలి. ఎత్తకపోతే ఆ ఉక్కుపాదాన్ని మేమే ఎత్తుతాం. ఉక్కుపాదం నశించాలి.

ఇట్లు,
నిద్రలేని కార్యదర్శి

తా.క.: మొన్న గురువారం మీ కమిటీ గది కింద నినాదాలిచ్చింది మేమే. మీరు కిటికీ మూసుకున్నారు. ఈసారి ఇంకా పెద్ద మైకు తెస్తాం.

*

విద్యార్థి సంఘం కార్యదర్శి గారికి,

నమస్కారం. మీ ఉత్తరం అందింది. అందులో ఉక్కుపాదం మూడుసార్లు ఉంది. మా విభాగంలో అందరివీ మామూలు చెప్పులేనని మనవి.

హాలు తెరవడానికి మాకూ అభ్యంతరం లేదు. తాళంచెవి నా సొరుగులోనే ఉంది. సొరుగు లాగినప్పుడల్లా గలగలమంటూ నన్ను కూడా విసిగిస్తోంది. అయితే వసతుల కమిటీ కూర్చుని సరే అనాలి. కమిటీ గురువారం పదకొండు గంటలకు కూర్చుంటుంది. ఉన్న సభ్యులంతా వస్తేనే కూర్చోవాలని నిబంధన. కెమిస్ట్రీ ప్రొఫెసరు గారు వచ్చారు, లైబ్రేరియన్ గారు వచ్చారు, ఇంజినీరు గారు దగ్గుతూ అయినా వచ్చారు. విద్యార్థి సభ్యులు మాత్రం రాలేదు. ఎదురుచూసి, టీ తాగి, లేచిపోయారు.

ఆ సంగతి మీకు నేను వేరే చెప్పాల్సిన పనిలేదనుకుంటాను.

ఇట్లు,
సూపరింటెండెంటు

తా.క.: కిటికీ మూసింది ఉద్యమాన్ని అణచడానికి కాదు. మీ మైకు దెబ్బకి ప్రొఫెసరు గారి టీ ఒలికి ఇంజినీరు గారి ఒళ్ళో పడింది.

*

సూపరింటెండెంటు గారికి,

నిప్పులు కక్కుతూ కార్యదర్శి రాస్తున్నది ఏమనగా,

అసలు దొంగ దొరికాడు. మీ కమిటీలో విద్యార్థుల పేరు చెప్పుకుని ఒకడు కుర్చీ ఆక్రమించాడన్నమాట. విద్యార్థుల ఓట్లు లేకుండా విద్యార్థి సభ్యుడు ఎలా అయ్యాడు? వాడు మీ మనిషి. మీరు రావద్దంటే మానేస్తున్నాడు.

వాడి పేరు మాకు చెప్పకండి. మీరు చెబితే మీరు బయటపెట్టినట్టవుతుంది, మేం కనుక్కుంటే మేం బయటపెట్టినట్టవుతుంది. రెండింటికీ చాలా తేడా ఉంది.

మా సహాయ కార్యదర్శిని అందరూ 'మైకు' అంటారు, ఎప్పుడూ మైకు మోసేది అతనే కాబట్టి. మీ ఉత్తరం చూపించగానే మైకు ఏదో చెప్పబోయాడు.

"అక్కా, ఆ సభ్యుడు ఎవరంటే..."

"ఎవడైతే ఏంట్రా, చీల్చి చెండాడదాం. ముందు ఆ బ్యాటరీలు మార్చు."

మా పట్టుదల అలా ఉంది. వచ్చే గురువారం సరిగ్గా పదకొండు గంటలకు మీ గది కిందే ధర్నా. ఆ సభ్యుడు లోపలికి వచ్చేదాకా నేను అక్కణ్ణుంచి కదలను.

ఇట్లు,
కదలని కార్యదర్శి

తా.క.: ఇంజినీరు గారికి మా సానుభూతి. వేడి టీ పోరాటంలో భాగం కాదు.

*

కార్యదర్శి గారికి,

నమస్కారం. గురువారం జరిగింది మీకు తెలిసిందే అయినా, రాసిపెట్టడం నా ఉద్యోగం కాబట్టి రాస్తున్నాను.

ముగ్గురు సభ్యులూ వచ్చారు. అటెండరు కిటికీలోంచి వంగి "విద్యార్థి సభ్యులు లోపలికి రావాలి" అని పిలిచాడు. కింద నుంచి "విద్యార్థి సభ్యుడు డౌన్ డౌన్" అని జవాబొచ్చింది. అటెండరు పాపం ఇంకాస్త గొంతు పెంచాడు. మీరు మైకు పెంచారు. "ఇక లాభం లేదు సార్, నాకు గొంతు ఒకటే ఉంది" అని వచ్చి కూర్చున్నాడు. కమిటీ మళ్ళీ లేచిపోయింది.

మీ ఉత్తరం చదివి చాలాసేపు ఆలోచించాను. ఇంత నిర్మొహమాటంగా, ఇంత కఠినంగా మాట్లాడేవాళ్ళని నేను చూడలేదు. కానీ ఇంట్లో పెద్దవాడు చెప్పినట్టు చెబుతున్నాను, ఆ సభ్యుల మీద మరీ అంత కక్ష వద్దమ్మా. చిన్న వయసు. పదవి కొత్త. ఉత్సాహం ఎక్కువై దారితప్పారేగానీ మనసు మంచిది. దొంగ, ద్రోహి లాంటి మాటలు పడితే రేపు అద్దంలో ఎలా చూసుకుంటారు?

ఇట్లు,
మీ మేలు కోరే సూపరింటెండెంటు

తా.క.: భోజనం సరిగ్గా చేస్తున్నారా? ఖాళీ కడుపుతో ఇలాంటి ఆలోచనలే వస్తాయి.

*

సూపరింటెండెంటు గారికి,

మొహమాటం ఇక్కడితో ముగిసింది.

ఆ ద్రోహిని మీరు కన్నబిడ్డలా వెనకేసుకొస్తారని మాకు ముందే తెలుసు. మనసు మంచిదట. మెట్ల మీద కూర్చుని చదివేవాళ్ళ నడుములు అడగండి ఎంత మంచిదో. అద్దంలో ఎలా చూసుకుంటాడని మమ్మల్నా అడుగుతారు? అసలు వాడి ఇంట్లో అద్దం ఉండి ఉంటే ఇంతదాకా వచ్చేదా?

నిన్న సంఘం గది ముందు ఆ సభ్యుడి దిష్టిబొమ్మ తగలబెట్టాం. సంఘం గదంటే మెట్ల కింద ఉంటుంది కదా, నిలబడితే తల తగులుతుంది. బొమ్మని లోపల కూర్చోబెట్టే తయారుచేశాం. బట్టలు ఎవరూ ఇవ్వకపోతే నా పాత చుడీదార్ నేనే ఇచ్చాను. మైకు దానికి జడ కూడా వేశాడు.

"వాడికి జడెందుకురా?"

"ఊలు మిగిలిపోయిందక్కా."

సాయంత్రం సర్వసభ్య సమావేశంలో తీర్మానం పెట్టాను. వసతుల కమిటీలోని విద్యార్థి సభ్యుణ్ణి తక్షణం తొలగించాలి, ఆ కుర్చీని ఖాళీ చేయించాలి. ప్రవేశపెట్టింది నేను. బలపరిచింది మైకు, రెండు చేతులూ ఎత్తి. అతని మొహంలో అంత ఆనందం నేనెప్పుడూ చూడలేదు. ఏకగ్రీవంగా నెగ్గింది. పరీక్షలు ఇక నెత్తిమీదికొచ్చాయి కాబట్టి తీర్మానం రేపు నేనే స్వయంగా మీ ఆఫీసులో ఇస్తాను. అమలు చేస్తారో లేదో చూస్తాను.

ఇట్లు,
వెనక్కి తగ్గని కార్యదర్శి

తా.క.: హాలు తెరుచుకోకపోతే ఇవ్వాల్సిన రాజీనామా కూడా రాసిపెట్టుకున్నాను. మాటలు చాలా బాగా కుదిరాయి. చదివితే నాకే కన్నీళ్ళొచ్చాయి.

*

కార్యదర్శి గారికి,

నమస్కారం. ఎలా మొదలుపెట్టాలో తెలియక టీ రెండుసార్లు తెప్పించుకున్నాను.

తీర్మానం ఇవ్వడానికి వచ్చినప్పుడు నేను సీట్లో లేను. మీరు మా అటెండరుని "ఇంతకీ ఆ సభ్యుడు ఎలా ఉంటాడు, పొడుగా, పొట్టా?" అని అడిగారట. "సరిగ్గా మీ అంతే ఉంటారమ్మా" అన్నాడట. మీరు "ఓహో" అని వెళ్ళిపోయారట. ఆ ముక్క వినేదాకా మీకు తెలుసుననే అనుకున్నాను.

అమ్మా, విద్యార్థి సంఘం కార్యదర్శిగా ఎవరు గెలిస్తే వాళ్ళే వసతుల కమిటీలో విద్యార్థి సభ్యులు. పదవితో పాటే వస్తుంది. ప్రమాణం రోజు ఆ వాక్యం చదివింది నేనే. అప్పటికే మిమ్మల్ని భుజాల మీద ఎక్కించుకుని గేటు దాటిస్తున్నారు. మీరు నా వైపు చెయ్యి ఊపారు. విన్నట్టే అనుకున్నాను.

మీరు ఉత్తరాల్లో ఆ సభ్యుణ్ణి దులిపేస్తుంటే ఆత్మవిమర్శ చేసుకుంటున్నారని పొంగిపోయాను. కడుపు మాడ్చుకుంటున్నారేమోనని భయపడ్డాను కూడా.

ఇక తీర్మానం సంగతి. అక్షరాలా అమలు చేశాం. కుర్చీ తీసి బయట పెట్టాం, ఇప్పుడు అటెండరు దాని మీద కూర్చుంటున్నాడు. ప్రొఫెసరు గారు తీర్మానం చదివి, "పదవి కోసం అరిచినవాళ్ళని చూశానుగానీ, నా పదవి పీకెయ్యమని మైకు పెట్టి అరిచిన పిల్లని చూడలేదయ్యా" అన్నారు.

కుర్చీ పోయాక ఉన్నది ముగ్గురే. ముగ్గురూ వచ్చారు. కాబట్టి ఉన్న సభ్యులంతా వచ్చినట్టే. కమిటీ కూర్చుంది. టీ చల్లారేలోపు హాలు తెరవమని సంతకాలు పెట్టేసింది. తాళంచెవి లైబ్రేరియన్ గారి చేతికిచ్చాను. నా సొరుగు ప్రశాంతంగా ఉంది.

మీ వాగ్దానం నెరవేరింది. రాజీనామా అక్కర్లేదు. మిమ్మల్ని మీరు కూలదోసుకుని గెలిచారు.

ఇట్లు,
సూపరింటెండెంటు

తా.క.: చుడీదార్ ఏ రంగు అని ప్రొఫెసరు గారు అడగమన్నారు.

*

పెద్దలు సూపరింటెండెంటు గారికి,

కార్యదర్శి నమస్కరించి రాస్తున్నది.

మీ ఉత్తరం నిలబడి చదవడం మొదలుపెట్టి కూర్చుని ముగించాను. తర్వాత హాలుకి వెళ్ళాను. ఒక్క బల్ల ఖాళీ లేదు. మెట్ల మీది అర్థశాస్త్రం అమ్మాయి ఫ్యాను కింద సీటు పట్టింది. నన్ను చూసి నవ్వింది. నేను గొంతు సవరించుకుని రెండు మాటలు చెప్పబోతే హాలంతా ఒక్కసారిగా "ష్" అంది. మనసు నిండిపోయింది.

బయటికొచ్చి మైకుని నిలదీశాను.

"ఆ సభ్యుడు నేనేనని నీకు తెలుసా?"

"మొదటి రోజు నుంచీ తెలుసక్కా."

"మరి చెప్పి చావచ్చుగా."

"మైకు నాకు ఇస్తే కదక్కా చెప్పేది."

మోసేది అతనేగానీ మాట్లాడేది ఎప్పుడూ నేనేనని అప్పుడు తట్టింది. ఇవాళ ఒక పావుగంట ఇచ్చాను. నా గురించే మాట్లాడాడు. మళ్ళీ తీసేసుకున్నాను.

ఇప్పుడొక ముఖ్య విషయం. సంఘం మళ్ళీ సమావేశమైంది. వివరణ కూడా అడగకుండా ఒక విద్యార్థినిని కమిటీ నుంచి తొలగించడం ఘోరమైన అన్యాయమని ఏకగ్రీవంగా తేల్చింది. ఆ అమాయకురాల్ని బలిచేసినవాళ్ళెవరో బయటపెట్టాలి. కుర్చీ అటెండరు గారి కింద నుంచి తీసి మళ్ళీ లోపల వెయ్యాలి. అప్పటిదాకా ప్రతి గురువారం పదకొండు గంటలకు మీ గది కింద ధర్నా, నా నాయకత్వంలో.

ఇట్లు,
కార్యదర్శి, అన్యాయానికి గురైన సభ్యురాలు

తా.క.: ఆకుపచ్చ.

ఇంకో తా.క.: ధర్నా ఫలించి నన్ను మళ్ళీ సభ్యురాల్ని చేస్తే అటెండరు గారితో కిటికీలోంచి పిలిపించకండి, వినబడదు. మైకు వైరు పీకెయ్యమనండి.